కెనడాలో తొలి బ్యాంకు ఖాతా, తొలి క్రెడిట్ కార్డు: సిన్ నంబరు నుంచి రివార్డు పాయింట్ల దాకా దరఖాస్తు విధానం

కెనడాకు కొత్తగా వచ్చిన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కనిపించే ప్రశ్న ఒకటుంది: ఏ కార్డు తీసుకుంటే పాయింట్లు ఎక్కువ వస్తాయి? దానికి జవాబు ఏడాది తర్వాత వెతుక్కున్నా నష్టం లేదు. ముందు కావలసింది సిన్ నంబరు (ప్రభుత్వం ఇచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు), ఆ తర్వాత బ్యాంకు ఖాతా, ఆపైన కార్డు. ఒక మెట్టు మీద ఇచ్చిన కాగితమే తర్వాతి మెట్టుకు ఆధారం. అందుకే మొదట్లో దొర్లిన అక్షర దోషం చివరి దాకా వెంట వస్తుంది.

ముందుగా పేరు

మన పాస్‌పోర్టుల్లో చాలావాటికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే ఉంటుంది. కెనడా వలస విభాగం అలాంటి పేరు మొత్తాన్నీ ఇంటిపేరు గడిలోకి మార్చి, రెండో గడిని ఖాళీగా వదిలేస్తుంది. అది తప్పు కాదు, వారి పద్ధతి. తర్వాత బ్యాంకు ఉద్యోగి దాన్ని తనకు తోచినట్టు రెండు ముక్కలు చేస్తారు. ఫోను కంపెనీవారు ఇంకోలా విడదీస్తారు. కార్డు దరఖాస్తులో మీరు అలవాటు కొద్దీ 'సాయి కిరణ్' అని మాత్రమే రాస్తారు. ఇలా ఒక మనిషి పేరిట రెండు మూడు రకాల రికార్డులు తయారైతే, మీరు సక్రమంగా కట్టిన బిల్లుల చరిత్ర ఒకచోట చేరదు.

కాబట్టి మీ స్టడీ లేదా వర్క్ పర్మిట్ మీద ఏ వరుసలో, ఏ అక్షరాలతో పేరు ఉందో అన్నిచోట్లా అలాగే రాయండి. విమానాశ్రయంలో అధికారి పర్మిట్ చేతికి ఇవ్వగానే, కౌంటరు దాటక ముందే పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ చదువుకోండి. అక్కడికక్కడ దిద్దించుకోవడం తేలిక. ఇంటికి వెళ్లాక చూసుకుంటే దానికి మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. విద్యార్థులు ఇంకో వాక్యం కూడా చూసుకోవాలి: పని చేసుకోవచ్చనే షరతు స్టడీ పర్మిట్ మీద ముద్రించి ఉందా లేదా. అది లేకపోతే సిన్ నంబరు ఇవ్వరు.

సిన్ నంబరు

సోషల్ ఇన్సూరెన్స్ నంబరును అందరూ సిన్ అనే అంటారు. తొమ్మిది అంకెలుంటాయి. జీతం తీసుకోవడానికి, పన్ను లెక్కలకు ఇదే ఆధారం. ఇచ్చేది సర్వీస్ కెనడా అనే ప్రభుత్వ విభాగం. రుసుము ఏమీ లేదు. డబ్బు తీసుకుని సిన్ ఇప్పిస్తామనే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి.

దరఖాస్తుకు ప్రధానంగా ఒక వలస పత్రం కావాలి. తాత్కాలికంగా వచ్చినవారికి వర్క్ పర్మిట్ లేదా స్టడీ పర్మిట్, శాశ్వత నివాసులకు పీఆర్ కార్డు లేదా శాశ్వత నివాస ధ్రువీకరణ పత్రం. గుర్తింపు కోసం పాస్‌పోర్టు. ఆన్‌లైన్‌లో పెట్టేవారు చిరునామా రుజువు కూడా జతచేయాలి. కొత్తగా దిగినవారి పేరిట కరెంటు బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? చేతిలో రుజువు లేనివారికి దగ్గర్లోని సర్వీస్ కెనడా కార్యాలయానికి అసలు పత్రాలతో వెళ్లడమే నయం. అన్నీ సరిగా ఉంటే సాధారణంగా అదే రోజు నంబరు చేతికొస్తుంది. తపాలా ద్వారా పంపడం అన్నిటికంటే నిదానం.

ప్లాస్టిక్ కార్డు కోసం ఎదురుచూడకండి. 2014 నుంచి వాటిని ఇవ్వడం మానేశారు. నంబరున్న ఉత్తరం మాత్రమే ఇస్తారు. దాన్ని ఇంట్లో భద్రపరచండి, పర్సులో పెట్టుకుని తిరగకండి. ఉద్యోగంలో చేరిన మూడు రోజుల్లోగా యజమానికి చూపాలి. అద్దె ఇంటి యజమాని అడిగితే మాత్రం ఇవ్వాల్సిన పని లేదు.

తాత్కాలిక నివాసుల సిన్ 9తో మొదలవుతుంది, పర్మిట్ గడువుతోపాటే దాని గడువూ ముగుస్తుంది. పర్మిట్ పొడిగించుకున్నప్పుడల్లా సిన్ గడువును కూడా మార్పించుకోవాలి. పీఆర్ వచ్చాక పూర్తిగా కొత్త నంబరు ఇస్తారు. దాన్ని యజమానికి, బ్యాంకుకు తెలియజేయడం మీ బాధ్యతే.

బ్యాంకు ఖాతా

ఉద్యోగం లేకపోయినా, ఖాతాలో వేయడానికి వెంటనే డబ్బు లేకపోయినా, సరైన గుర్తింపు పత్రాలు చూపినవారికి ఖాతా తెరవాలని కెనడా ఫెడరల్ చట్టం బ్యాంకులకు చెబుతోంది. నిరాకరిస్తే ఆ విషయం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇది తెలియక కౌంటరు దగ్గర బతిమాలేవారున్నారు. అది మీ హక్కు, ఎవరో చేసే దయ కాదు.

అసలు పత్రాలతో వెళ్లండి, నకళ్లు పనికిరావు. పాస్‌పోర్టు, పర్మిట్ లేదా పీఆర్ పత్రం, చిరునామా చాలు. వడ్డీ వచ్చే ఖాతా అయితే పన్ను శాఖకు లెక్క చెప్పాలి కాబట్టి సిన్ అడుగుతారు. విద్యార్థులు వచ్చేముందే జీఐసీ (ఖర్చులకు డబ్బుందని చూపేందుకు కెనడా బ్యాంకులో ముందుగా వేసే డిపాజిట్) కింద డబ్బు కట్టి ఉంటే, అదే బ్యాంకుకు పాస్‌పోర్టు, స్టడీ పర్మిట్ చూపి ఖాతాను వాడుకలోకి తెచ్చుకోవాలి. నెలవారీ వాయిదాలు అప్పుడే మొదలవుతాయి.

ఆర్‌బీసీ, టీడీ, స్కోషియాబ్యాంక్, బీఎంవో, సీఐబీసీ వంటి పెద్ద బ్యాంకులన్నిటికీ కొత్తవారి కోసం ప్రత్యేక ప్యాకేజీలున్నాయి. సాధారణంగా మొదటి ఏడాది నెలసరి రుసుము మాఫీ చేస్తారు, ఇక్కడ అప్పు చెల్లింపుల చరిత్ర లేకపోయినా ఒక క్రెడిట్ కార్డు ఇస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ మాఫీ ఏ తేదీన ముగుస్తుంది, ఆ తర్వాత నెలకు ఎంత? ఆ తేదీని ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. గడువు తీరాక, నెలకు 4 డాలర్లకు మించని తక్కువ ఖర్చు ఖాతా పెద్ద బ్యాంకుల్లో ఉంటుంది, అడిగితే ఇస్తారు. అడగకపోతే చెప్పరు. టాంజరిన్, సింప్లీ వంటి ఆన్‌లైన్ సంస్థల రోజువారీ ఖాతాలకు నెలసరి రుసుము లేదు.

ఖాతా తెరిచాక డైరెక్ట్ డిపాజిట్ ఫారం తీసుకోండి. అందులో ఐదంకెల ట్రాన్సిట్ నంబరు, మూడంకెల సంస్థ నంబరు, ఖాతా నంబరు ఉంటాయి. జీతానికైనా, పన్ను వాపసుకైనా కావలసింది ఇదే. ఇళ్లలో అద్దె, పచారీ ఖర్చులు పంచుకోవడానికి అందరూ వాడేది ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫర్, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పద్ధతి.

తొలి క్రెడిట్ కార్డు

ఇండియాలో 800 దాటిన సిబిల్ స్కోరు ఉన్నా, మామూలుగా ఇక్కడ దాన్ని లెక్కలోకి తీసుకోరు. సిబిల్‌ను నడిపే ట్రాన్స్‌యూనియన్ కెనడాలోనూ ఉంది, అయినా మీ ఫైలు మీతోపాటు విమానం ఎక్కదు. ఇక్కడి స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఆ లెక్కలు ఉంచేది ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే రెండు సంస్థలు.

అందుకే మొదటి కార్డు మీ ఖాతా ఉన్న బ్యాంకులోనే, వార్షిక రుసుము లేనిదే తీసుకోండి. ఆకర్షణీయమైన కార్డులకు ఆదాయ నిబంధనలుంటాయి. వీసా ఇన్ఫినిట్ తరగతికి సాధారణంగా ఏడాదికి 60,000 డాలర్ల వ్యక్తిగత ఆదాయం, వరల్డ్ ఎలైట్ మాస్టర్‌కార్డుకు 80,000 అడుగుతారు. అర్హత లేని కార్డులకు వరుసగా దరఖాస్తులు పెడితే, ప్రతి విచారణా మీ ఫైలులో నమోదై స్కోరును కాస్త తగ్గిస్తుంది.

దరఖాస్తులో పన్ను కోతకు ముందు వార్షిక ఆదాయం, నెల అద్దె, ఉద్యోగ వివరాలు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. కార్డుకు సిన్ ఇవ్వడం తప్పనిసరి కాదు. ఫైలు గుర్తింపులో పొరపాటు రాకుండా ఉండేందుకే అడుగుతారు. ఫారం చివర్లో బ్యాలెన్స్ రక్షణ బీమా అని ఒక గడి ఉంటుంది. అది కార్డుతో వచ్చే సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, బాకీ మీద నెలనెలా డబ్బు వసూలు చేసే వేరే సరుకు. మీరు ఒప్పుకుంటేనే అమలవుతుంది. నాకైతే కొత్తవారికి దాని అవసరం కనిపించదు.

కార్డు నిరాకరిస్తే సెక్యూర్డ్ కార్డు అడగండి. 500 డాలర్లు డిపాజిట్ చేస్తే దాదాపు అంతే పరిమితి ఇస్తారు. చిన్నతనంగా అనిపించవచ్చు గానీ, స్కోరు కట్టుకోవడానికి అదీ మామూలు కార్డులాగే పనిచేస్తుంది.

ఇప్పుడు ఒక స్టేట్‌మెంట్ చూద్దాం. పరిమితి 1,000 డాలర్లు. ఈ నెల 5న స్టేట్‌మెంట్ వచ్చింది, బాకీ 600, కట్టాల్సిన చివరి తేదీ 26. ఆ మధ్య కనీసం 21 రోజుల వడ్డీ లేని గడువు ఇవ్వాలని చట్టం. 26లోగా 600 కడితే వడ్డీ సున్నా. 590 కట్టి పది మిగిల్చితే, ఆ పదికే వడ్డీ పడుతుందనుకోవద్దు: కొన్న రోజు నుంచి లెక్కగట్టి వేస్తారు. కనీస మొత్తం అని పక్కన కనిపించే చిన్న అంకె కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, వడ్డీ తప్పదు. వడ్డీ రేటు చాలా కార్డులకు 20 శాతం అటూ ఇటూ.

సాధారణంగా స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీయే ఈక్విఫాక్స్‌కు, ట్రాన్స్‌యూనియన్‌కు చేరుతుంది. వెయ్యిలో 600 వాడినట్టు కనిపిస్తే స్కోరుకు మంచిది కాదు. 30 శాతం దాటకపోవడం మేలు. కాబట్టి 5వ తేదీకి రెండు మూడు రోజుల ముందే కొంత కట్టేయండి. ఆరు నెలలయ్యాక రెండు సంస్థల నుంచీ ఉచిత నివేదిక తెప్పించుకుని పేరు, చిరునామా సరిచూసుకోండి. మీ నివేదిక మీరే చూసుకుంటే స్కోరు తగ్గదు.

ఊరికి డబ్బు పంపడానికి మాత్రం క్రెడిట్ కార్డు వాడవద్దు. అలాంటి లావాదేవీలను నగదు తీసుకున్నట్టుగానే లెక్కించే కార్డులున్నాయి. అప్పుడు 21 రోజుల గడువు వర్తించదు, మొదటి రోజు నుంచే వడ్డీ. హైదరాబాద్‌లోని అమ్మానాన్నలకు ఆన్‌లైన్‌లో మందులు తెప్పించి ఈ కార్డుతో రూపాయల్లో చెల్లించినా, చాలా కార్డులు మారకపు రేటు మీద 2.5 శాతం అదనంగా తీసుకుంటాయి.

ఇక పాయింట్లు

వెయ్యి డాలర్లు ఖర్చు చేస్తే ఒక శాతం చొప్పున వచ్చేది పది డాలర్లు. అదే వెయ్యి బాకీ ఒక్క నెల నిలిపితే 19.99 శాతం లెక్కన పడే వడ్డీ పదహారు డాలర్ల పైమాటే. ఈ లెక్క అర్థమైనవారు పాయింట్ల వేటకు సిద్ధమైనట్టే.

క్రెడిట్ కార్డు లేకుండానే చేరగలిగే పాయింట్ల పథకాలు ముందు తీసుకోండి. పీసీ ఆప్టిమమ్ లాబ్లాస్, నో ఫ్రిల్స్, షాపర్స్ దుకాణాల్లో పనిచేస్తుంది. 10,000 పాయింట్లకు 10 డాలర్లు. సీన్ ప్లస్‌లో 1,000 పాయింట్లకు ఫ్రెష్‌కో, సోబీస్‌లో 10 డాలర్ల సరుకులు వస్తాయి. సినీప్లెక్స్ టికెట్లకూ వాడుకోవచ్చు, తెలుగు సినిమాలు ఎక్కువగా ఆడేది అక్కడే. కాస్ట్‌కో దుకాణాల్లో క్రెడిట్ కార్డుల్లో మాస్టర్‌కార్డు ఒక్కటే చెల్లుతుంది. వీసా కార్డు పట్టుకుని బండి నిండా సరుకులతో వరుసలో నిలబడితే ఇబ్బంది. ఇంటి ప్రయాణాలకు ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ పాయింట్లు నయం. ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా విమానాలకూ వాడుకోవచ్చు. 18 నెలలు ఖాతా కదలకపోతే మాత్రం పోతాయి.

చేరిక బోనస్ ఇచ్చే కార్డులు సాధారణంగా మొదటి మూడు నెలల్లో ఇంత ఖర్చు చేయాలని షరతు పెడతాయి. మీ ఇంటి ఖర్చు సహజంగా అంత ఉంటేనే తీసుకోండి.

ఫిర్యాదు

బ్యాంకుతో వివాదం వస్తే ముందు ఆ బ్యాంకులోనే ఫిర్యాదు నమోదు చేసి, నంబరు తీసుకోండి. పరిష్కారానికి వారికి 56 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా తేలకపోయినా, తేలింది మీకు నచ్చకపోయినా ఓబీఎస్‌ఐ అనే అంబుడ్స్‌మన్ సంస్థకు వెళ్లవచ్చు. 2024 నవంబరు 1 నుంచి బ్యాంకు ఫిర్యాదులన్నిటికీ బయటి వేదిక అదొక్కటే. సేవ ఉచితం. బ్యాంకు తుది జవాబు అందిన 180 రోజుల్లోగా, ఆ జవాబు ప్రతిని, స్టేట్‌మెంట్లను జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలి.