ఎండలు ముదరకముందే: గుండె జబ్బు ఉన్నవారి ఇంట్లో జాగ్రత్తలు

మిర్యాలగూడ, నల్లగొండ వైపు మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే మార్చిలోనే ఒకసారి డాక్టర్‌ను కలవండి. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర, బీపీ మాత్ర వేసుకునేవారికి చెమటతో నీళ్లు పోయి బీపీ బాగా పడిపోవచ్చు. లేవగానే కళ్లు తిరుగుతుంటే డోసు మార్చాల్సింది డాక్టరే, మనం కాదు.

ఎండకన్నా మాత్రలు మధ్యలో ఆగిపోతాయనే నాకు ఎక్కువ టెన్షన్. పెళ్లికో, జాతరకో పోతే, లేదా పాలమూరు నుంచి పనికి పుణె, ముంబై బయలుదేరితే మందుల సంచి ఇంట్లోనే ఉండిపోతుంది. "ఇప్పుడు మంచిగనే ఉన్న గదా" అని మానేసేవాళ్లూ తక్కువేం లేరు. మంచిగా ఉన్నది ఆ మాత్రల వల్లనే! స్టెంట్ (గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న జాలి గొట్టం) పడ్డవారు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పన్ను పీకించుకునే ముందు కూడా గుండె డాక్టర్‌ను అడగాల్సిందే. ఊరికి పోయేటప్పుడు పది రోజుల మందులు ఎక్కువే పెట్టుకోండి, చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి. ఉపవాసం ఉండేవారు మాత్రల వేళలు ముందే మార్పించుకోవాలి.

"నీళ్లు బాగా తాగు" అన్న సలహా అందరికీ పనికిరాదు. గుండె బలహీనపడి కాళ్లు వాచేవారికి రోజుకు ఎంత తాగాలో లెక్క ఉంటుంది. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి అదీ అడిగే తాగాలి. రోజూ పొద్దున బరువు చూసుకుని, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆస్పత్రికి పోవాలి.

ఇదే మామిడికాయ తొక్కు పెట్టే కాలం. తొక్కు లేనిదే ముద్ద దిగని ఇళ్లు మనవి. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక చిన్న చెంచాడు. కూరలోనే అది అయిపోతుంది. మజ్జిగలో ఉప్పు వేయకండి. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కొన్ని గుండె మాత్రలతో అది ప్రమాదం.

మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే అలవాటు మానాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఒంట్లో నీరు చేరేలా చేస్తాయి, గుండెకు మంచివి కావు. బీడీ, గుట్కా సంగతి వేరే చెప్పాలా? నడక మాత్రం మానొద్దు, పొద్దున ఏడు లోపే ముగించండి.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకండి. డాక్టర్ ముందే నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే కూర్చోబెట్టి పెట్టండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. ఆ మాత్ర రాయనివారికైతే వెంటనే చేయాలి.