నిద్ర పాఠాలు – 4: నడిరేయి మెలకువకు రెండు గడియారాలు

పోయిన పాఠంలో ఆయుర్వేదం ఒంటిని నడిపేవిగా చెప్పే మూడు దోషాలు, అంటే వాత, పిత్త, కఫాల లక్షణాలను మన ఒంట్లో ఎలా గుర్తుపట్టాలో చూశాం. ఏ వేళకు మెలకువ వచ్చింది, అప్పుడు ఒళ్ళు ఎలా ఉంది అని ఒక వారం పాటు రాత్రి చిట్టా రాయమన్నాను. ఈసారి ఆ చిట్టాను చదవడం నేర్చుకుందాం. రాయనివాళ్ళూ చదవచ్చు, కానీ పక్కన సొంత రాత్రి ఒకటైనా పెట్టుకోకపోతే ఈ లెక్కలు వంటబట్టవు.

పన్నెండింటికి మెలకువ వస్తే పిత్తం, మూడింటికి వస్తే వాతం అని చెప్పే పట్టిక ఒకటి వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. అది తప్పేమీ కాదు గానీ, సగమే. పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం మొదటి అధ్యాయంలో, దాన్ని రాసిన వాగ్భటుడు చెప్పింది ఇది: వయసు, పగలు, రాత్రి, తిన్న అన్నం అరగడం – ఈ నాలుగింటిలోనూ మొదటి భాగం కఫానిది, నడిమి భాగం పిత్తానిది, చివరి భాగం వాతానిది. పట్టిక రాసినవాళ్ళు రాత్రిని ఉంచుకుని అన్నాన్ని వదిలేశారు. పదకొండింటికి భోంచేసే బెంగళూరు జీవితంలో అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

మొదటి గడియారం: రాత్రి

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఉన్న సమయాన్ని మూడు భాగాలు చేయండి. బెంగళూరులో జూన్ నెల నడిమిన పొద్దు 6:45 ప్రాంతంలో గూకి, 5:55 ప్రాంతంలో పొడుస్తుంది. అంటే సుమారు 10:30 దాకా కఫం, 2:10 దాకా పిత్తం, ఆ తర్వాత వాతం. డిసెంబరు చివర్లో రాత్రి గంటన్నర పెరుగుతుంది. అయినా సరిహద్దులు మాత్రం పావుగంట అటూ ఇటూ కదులుతాయి, అంతే. అందుకే మన ఊళ్ళో ఆ పట్టిక దాదాపు సరిపోతుంది. లండన్‌లో ఉన్న మీ తమ్ముడికి మాత్రం పంపకండి. అక్కడ జూన్‌లో పొద్దు గూకేసరికే రాత్రి తొమ్మిది దాటుతుంది.

రెండో గడియారం: అన్నం

భోజనానికీ భోజనానికీ నడుమ ఒక జాము తప్పక ఉండాలి, రెండు జాములు దాటకూడదు అని వైద్యుల్లో పాతమాట. జాము అంటే మూడు గంటలు. నిండుగా తిన్న భోజనానికి ఆరు గంటలు వేసుకుని, రెండేసి గంటలుగా విడగొట్టండి. ఏడున్నరకు తింటే పదకొండున్నరకల్లా పిత్త భాగం ముగిసిపోతుంది. పదకొండింటికి తింటే ఒంటిగంట నుంచి మూడింటి దాకా పిత్తమే. ఇది సుమారు లెక్క. బిర్యానీకి ఒకలా, ఇడ్లీకి ఒకలా ఉంటుంది.

రెండు గడియారాలూ ఒకే దోషాన్ని చూపిస్తే పని సులువు. వేర్వేరుగా చూపిస్తే తీర్పు చెప్పాల్సింది ఒళ్ళే. మెలకువ వచ్చిన ఆ నిమిషంలో ఒళ్ళు ఎలా ఉందన్నదే సాక్ష్యం.

లెక్క 1. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉండే కుర్రాడు. అమెరికా వాళ్ళతో కాల్ పదిన్నరకు ముగుస్తుంది. పదకొండింటికి బిర్యానీ, పన్నెండింటికి పడక, రెండున్నరకు మెలకువ. ఒళ్ళంతా వేడి, దాహం, నోట్లో పుల్లటి నీళ్ళు. రాత్రి గడియారం వాతం అంటోంది, అన్నం గడియారం పిత్తం అంటోంది. వేడీ దాహమూ పిత్తం వైపు నిలబడ్డాయి. పట్టిక నమ్మి ఇతను వాతానికని కాళ్ళకు నువ్వుల నూనె రాసుకుంటూ కూర్చుంటే లాభం లేదు. మార్చాల్సింది భోజనం వేళ. కాల్ మొదలవక ముందే, ఏడున్నరకు, తేలికగా తినేయాలి. కాల్ అయ్యాక ఆకలేస్తే గోరువెచ్చని పాలు చాలు.

లెక్క 2. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. ఎనిమిదింటికే తింటారు, తొమ్మిదిన్నరకు పడుకుంటారు, మూడున్నరకు కళ్ళు తెరుచుకుంటాయి. నోరెండిపోయి ఉంటుంది, మోకాళ్ళు బిగుసుకుని ఉంటాయి, పొద్దున విరేచనం సాఫీగా కాదు, బుర్రలో ఊరి సంగతులన్నీ తిరుగుతుంటాయి. అన్నం గడియారం ఎప్పుడో ఆగిపోయింది. రాత్రిలో చివరి భాగం, వయసులోనూ చివరి భాగం: రెండు వైపులా వాతమే. నిద్ర పట్టకపోవడానికి, మరో పాత ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో చరకుడు చెప్పిన కారణాల్లో పని, వయసు, రోగం, తత్వం, వాతం ఉన్నాయి. ఈవిడ విషయంలో వాటిలో రెండు కలిశాయి. మరొక సంగతి గమనించారా? తొమ్మిదిన్నర నుంచి మూడున్నర అంటే ఆరు గంటలు. పెద్ద వయసులో నిద్ర కొంత తగ్గడం, ముందే తెల్లవారడం మామూలే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు బ్రాహ్మీ ముహూర్తంలో, అంటే సూర్యోదయానికి గంటన్నర ముందు లేవాలని చెప్పిన శాస్త్రం ముందు ఈవిడ తప్పు పెద్దదేం కాదు.

తలకు, చెవులకు, పాదాలకు నూనె ప్రత్యేకంగా పట్టించమన్నాడు వాగ్భటుడు. ఈవిడకు పడుకునే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వుల నూనెతో పది నిమిషాలు మర్దన బాగుంటుంది. తర్వాత గుడ్డతో తుడవడం మరవద్దు. ఫ్లాట్లలో నేలంతా టైల్సే కదా, నిద్ర సంగతి అటుంచి తుంటి ఎముక విరుగుతుంది.

లెక్క 3 మీకే వదిలేస్తున్నాను: పదింటికి పడుకున్న మనిషి పదకొండున్నరకు ముక్కు దిబ్బడేసి, నోరు జిగటగా ఉండి లేచి, మళ్ళీ వెంటనే నిద్రలోకి జారుకుంటాడు. రాత్రి పెరుగన్నం లేనిదే చెయ్యి కడగడు. ఏ దోషం?

పెరుగు దగ్గర ఒక మాట చెప్పాలి. నిద్ర తెప్పించేవాటి వరుసలో చరకుడు అభ్యంగం (ఒంటికి నూనె పట్టించడం), స్నానం, పాలు, నెయ్యి, మంచి వాసనలు, మనసుకు నచ్చే శబ్దాలతో పాటు పెరుగు కలిపిన వరి అన్నాన్నీ చెప్పాడు. అదే సంహితలో ఇంకో చోట రాత్రి పెరుగు తినొద్దన్నాడు. పెరుగన్నంతో ముగించకపోతే భోంచేసినట్టే ఉండని మన ఇళ్ళల్లో ఇది చిన్న చిక్కు కాదు. నేనైతే పెరుగన్నం మధ్యాహ్నానికి, పలచని మజ్జిగ రాత్రికి అంటాను. లెక్క 3లో మనిషికి ఇంకా గట్టిగా అంటాను.

చిట్టాలో మెలకువ వచ్చిన వేళ రాయడానికి ఫోన్ తీయకండి. వేళ చూసిన మరుక్షణం ఇంకా ఎన్ని గంటలు మిగిలిందన్న లెక్క మొదలవుతుంది, ఉన్న నిద్రా పోతుంది. ఊరి చప్పుళ్ళతో గుర్తుపెట్టుకోండి: నందిని పాల వ్యాన్ వచ్చిందా, తొలి అజాన్ వినిపించిందా, గుడి మైకులో సుప్రభాతం మొదలైందా. తెల్లవారాక రాసుకోవచ్చు. రాత్రిలో రెండు మూడు సార్లు కాసేపు మేలుకుని మళ్ళీ పడుకోవడం అందరికీ ఉంటుంది, దాన్ని జబ్బుల ఖాతాలో వేయకండి.

పోయిన నిద్రను ఎలా పూడ్చాలి? వాగ్భటుడి లెక్క సూటిగా ఉంది: అలవాటు లేని జాగరణ చేస్తే, పోయినదాంట్లో సగం సేపు మర్నాడు ఉదయం, ఏమీ తినకముందే నిద్రపోవాలి. మూడు గంటలు పోతే గంటన్నర. మధ్యాహ్నం భోంచేసి పడుకోవడానికి మామూలుగా ఎండాకాలంలోనే అనుమతి. రాత్రి జాగరణ ఒంటిని ఎండగడుతుంది, పగటి నిద్ర జిడ్డు పెంచుతుంది, కూర్చుని తీసే కునుకు మాత్రం రెండూ చేయదని చరకుడి మాట. సిల్క్ బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో, క్యాబ్‌లో ఇరుక్కున్నప్పుడు దీన్ని నిశ్చింతగా ఆచరించవచ్చు, డ్రైవర్ తప్ప.

ఈ దోష కాలాలు ఆయుర్వేదం చూసే తీరు. ప్రయోగశాలలో తేలిన నిజాలుగా తీసుకోవద్దు. కొన్ని మెలకువలకు ఈ పాఠం అసలే పనికిరాదు. గట్టిగా గురకపెడుతూ ఊపిరాడక లేవడం, మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి రావడం, గుండెల్లో నొప్పి, వారాల తరబడి తెల్లవారుజామునే దిగులుతో మెలకువ రావడం – వీటిలో ఏది ఉన్నా చిట్టా పట్టుకుని నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. సర్పగంధ లాంటి మూలికలు సొంతంగా కొని వేసుకోవద్దు. సర్పగంధలోని రిసర్పిన్ అనే పదార్థం రక్తపోటును తగ్గిస్తుంది, కొందరిలో మనసును కుంగదీస్తుంది.

ఈ వారం పని: చిట్టాలో ప్రతి మెలకువ పక్కన మూడు గడులు గీయండి. రాత్రి గడియారం ఏమంది, అన్నం గడియారం ఏమంది, ఒళ్ళు ఏమంది. మూడింట్లో రెండు కలిసిన రాత్రులకు చుట్టూ గీత గీయండి. అలవాట్లలో దేన్నీ ఇప్పుడే మార్చొద్దు, సాయంత్రం బై-టూ కాఫీతో సహా. ఆ కాఫీని ఏ వేళకు జరపాలో, కఫం వాళ్ళకు పాలు ఎందుకు పడవో అయిదో పాఠంలో, మీ గీతలు చూసుకుంటూ చేద్దాం. లెక్క 3 జవాబు కూడా అక్కడే.