టిన్ విజిల్ నేర్చుకుందాం – 4వ పాఠం: నాలుక కదపకుండా మూడు 'మ'లు

డీ విజిల్ (డీ శ్రుతిలో ఉండే చిన్న ఐరిష్ పిల్లనగ్రోవి) మీద ఆరు రంధ్రాలూ మూస్తే స, కింది నుంచి ఒక్కో వేలూ ఎత్తుతూ పోతే రి, గ, మ, ప, ద, ని వస్తాయని గత పాఠాల్లో చూశాం. వరస శంకరాభరణమే. అయినా అది వాయిస్తే ఐరిష్ పాటలా వినిపించదు. ఆ తేడా వేళ్లలో ఉంది, ఈ పాఠమంతా దాని గురించే.

ఒకే స్వరాన్ని మూడుసార్లు పలికించమంటే మనం 'తు తు తు' అని నాలుకతో కొడతాం. ఐర్లండ్‌లో చాలామంది ఊపిరి ఆపకుండా వేలితోనే విడగొడతారు. అక్కడి ఇల్లిన్ పైప్స్ అనే సంచి వాద్యంలో గాలి సంచిలోంచి వస్తుంది, నాలుకకు పనే లేదు. విజిల్ వాళ్లూ ఆ పద్ధతే పట్టుకున్నారు.

మ పట్టండి: ఎడమచేతి మూడు వేళ్లతో పై మూడు రంధ్రాలూ మూసి ఉండాలి. సన్నగా, ఆపకుండా ఊదుతూ ఎడమ ఉంగరపు వేలిని చటుక్కున ఎత్తి దించండి. దీన్ని కట్ అంటారు. 'ప' అని విడిగా వినబడితే మీరు ఆలస్యం చేసినట్టే. చిన్న టిక్కు మాత్రమే వినబడాలి. పిల్లలు వేలిని బాగా పైకి ఎత్తేస్తారు, దించేటప్పుడు రంధ్రం సరిగా మూసుకోక కీచుమంటుంది. వేలు కొద్దిగా లేస్తే చాలు, రంధ్రం మీద కొన కాకుండా మెత్తటి భాగం ఆనాలి.

తర్వాత కుడి చూపుడు వేలితో పైనుంచి నాలుగో రంధ్రాన్ని తట్టి వెంటనే తీసేయండి. ఇది ట్యాప్. రెండూ కలిపితే మ, కట్, మ, ట్యాప్, మ. దీని పేరు రోల్.

జిగ్ అనే నృత్య బాణీ 6/8లో నడుస్తుంది, అంటే తకిట తకిట. ఒక రోల్ సరిగ్గా ఒక తకిటలో ఇమిడిపోతుంది: 'త' మామూలుగా, 'కి' మీద కట్, 'ట' మీద ట్యాప్. కాలితో తాళం వేస్తూ ఇది సాధన చేయండి:

మమమ దపమ | మమమ గరిస

మమమ వచ్చిన చోటల్లా రోల్. వేగం ఇప్పుడే వద్దు, టెన్షన్ పడితే వేళ్లు బిగుసుకుపోతాయి.

ఇంట్లో పిల్లలతో కలిసి నేర్చుకుంటుంటే కాగితం పక్కన పెట్టండి. ఒకరు ఒక ముక్క వాయించాలి, ఇంకొకరు విని తిరిగి వాయించాలి. 1951లో ఐర్లండ్‌లోని మల్లింగార్‌లో మొదలైన కోల్టస్ అనే సంప్రదాయ సంగీత సంస్థ శాఖల్లోనూ, 1973 నుంచి అక్కడి మిల్‌టౌన్ మాల్బే ఊళ్లో జరిగే విల్లీ క్లాన్సీ సమ్మర్ స్కూల్లోనూ విని నేర్చుకోవడానికే పెద్దపీట. పెద్దవాళ్లు స్వరాలు రాసివ్వమని అడుగుతారు, పిల్లలు అడగరు. నా ఉద్దేశంలో రోల్ వాళ్లకు ముందు పట్టుబడేది అందుకే. కాబట్టి ముందు వాళ్లనే వాయించనివ్వండి.

వచ్చే పాఠంలో ప మీద రోల్. అప్పటికి పై వరసను ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మూడు మలూ ఒకే ఊపిరిలో, సమానంగా వినిపిస్తే ముందుకు వెళ్దాం.