ఎచ్చెర్ల వర్సిటీ పరిశోధనకు రాష్ట్ర నిధులు అడగాలంటే ప్రతిపాదన ఇలా రాయండి

"పరిశోధనకు నిధులు పెంచాలి" అని వినతిపత్రం ఇస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. ఏ పని, ఏ పద్దు కింద, ఏ నెలకు ఎంత అన్నది ఆర్థిక శాఖకు కనబడాలి. అందుకే ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి. శ్రీకాకుళం జిల్లాలో అలాంటి ప్రశ్న కళ్లెదుటే ఉంది. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. రోగిని చూసే పని అక్కడిది. ఊరూరా నీళ్లు, మట్టి, పురుగుమందుల అవశేషాలను ఏళ్ల తరబడి వదలకుండా పరీక్షించే పనికి ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం సరిగ్గా సరిపోతుంది.

రాష్ట్రమే ఎందుకు పెట్టాలని తప్పకుండా అడుగుతారు. జవాబు శ్రీకాకుళం దగ్గరి రాగోలులోనే ఉంది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఆర్‌జీఎల్ 2537 వరి రకాన్నే మన రైతులు శ్రీకాకుళం సన్నాలు అంటారు. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి హైబ్రిడ్ కాని సూటి రకమైతే రైతు తన పంటలోంచే విత్తనం దాచుకోవచ్చు. ఏటా కొనక్కర్లేని విత్తనం కోసం ఏ కంపెనీ ఏళ్ల తరబడి ఖర్చు భరించదు. కిడ్నీ జబ్బుకు కారణం కనుక్కోవడమూ అంతే, దొరికిన జవాబును ఎవరూ సంచిలో పోసి అమ్ముకోలేరు. "కేంద్రం ఇస్తుందిగా" అంటే ఈ లెక్క చూపండి: 2020-21లో దేశం పరిశోధన మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. ఆ ఖర్చులో రాష్ట్ర ప్రభుత్వాలన్నిటి వాటా కలిపినా 7 శాతం లోపే.

రాసే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. గత ఐదేళ్లలో వర్సిటీకి వచ్చిన గ్రాంటు ఎంత, అందులో జీతాలకు, పింఛన్లకు పోయింది ఎంత, పరిశోధనకు మిగిలింది ఎంత అని ఏడాదివారీగా అడగండి. బడ్జెట్ పుస్తకంలో విశ్వవిద్యాలయాల సాయం 2202-03-102 పద్దు కింద ఉంటుంది. మీరు అడిగే మొత్తానికి అక్కడే వేరే వరుస కావాలని రాయండి. జీతాల గ్రాంటులో కలిపేస్తే ఏ నెల జీతం తక్కువ పడినా ముందు పోయేది ఈ డబ్బే. భవనం జోలికి వెళ్లకండి. శంకుస్థాపనకు డబ్బు దొరుకుతుంది గానీ ఆ భవనంలో పని నడవడానికి దొరకదు.

ఎక్కువ ప్రతిపాదనలు దెబ్బతినేది ఖర్చు లెక్క దగ్గరే. నీటిలో ఆర్సెనిక్, సీసం, కాడ్మియం అతి తక్కువ మోతాదులో ఉన్నా పట్టుకోవాలంటే ఐసీపీ-ఎంఎస్ యంత్రం కావాలి. అందరూ దాని ధర ఒక్కటే రాస్తారు. అది నిమిషానికి 15 నుంచి 18 లీటర్ల ఆర్గాన్ గ్యాస్ తాగుతుంది. 7 ఘనపు మీటర్ల సిలిండర్ ఏడు గంటలకు అటూ ఇటూగా అయిపోతుంది. అంటే యంత్రం నడిచిన ప్రతి రోజుకూ ఒక సిలిండర్. గ్యాస్, యూపీఎస్, ఏసీ, వారంటీ తరవాతి నిర్వహణ ఒప్పందం లేకపోతే కోట్ల సామాను గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. నమూనా సీసాలు ఆమ్లంతో కడిగిన పాలిథిన్‌వి కావాలి. పట్టిన నీటిలో నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కన్నా కిందికి దించాలి. లేదంటే లోహాలు సీసా గోడలకు అంటుకుపోయి ఫలితం తక్కువ చూపిస్తుంది. పురుగుమందుల పరీక్షకు మాత్రం వేరే గాజు సీసాలు, మంచు పెట్టె ఉండాలి.

మనుషుల ఖర్చు కూడా విడిగా చూపండి. 2023 నుంచి అమల్లో ఉన్న కేంద్ర రేట్ల ప్రకారం కొత్త పరిశోధకుడికిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, అనుభవం వచ్చాక ఇచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000. రెండేళ్లు జేఆర్‌ఎఫ్, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ లెక్కన ఒకరికి మూడేళ్లకు 13,92,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం.

తర్వాత నెలలు. బావి నీళ్లు వానలకు ముందు మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక మరోసారి పట్టాలి. మార్చి నెలాఖరున విడుదలైన డబ్బు 31 దాటితే మురిగిపోతుంది. ఏప్రిల్లో టెండరు పిలిస్తే మే నెలకు ఏదీ చేతికి రాదు, ఆ ఏడాది పోయినట్టే. అందుకని మొదటి ఏడు కొనుగోళ్లు, నియామకాలు, రెండో ఏడు మే నుంచి నమూనాలు అని పట్టిక వేయండి. సెప్టెంబరులోగా పాలకమండలి ఆమోదం తీసుకుని రిజిస్ట్రార్ ద్వారా ఉన్నత విద్యాశాఖకు పంపితేనే మరుసటి బడ్జెట్ అంచనాల్లోకి ఎక్కే వీలుంటుంది. ఎమ్మెల్యేకు, ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి ఒక్క పేజీ ప్రతి చాలు.

అడిగినదాంట్లో సగమే మంజూరైతే యంత్రం వదులుకోండి. నమూనాలను ల్యాబుల నాణ్యత చూసే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకు పంపించుకోవచ్చు. ఊళ్ల సంఖ్య కూడా తగ్గించుకోవచ్చు. పరిశోధకులనూ మూడేళ్ల గడువునూ మాత్రం తగ్గించనివ్వకండి. ఒక్క ఏడాది కొలతతో వాన తేడా ఏదో, నీటి తేడా ఏదో విడదీయలేం.