తొక్కగానే తడబడే ఎమ్‌జీబీ: నా అనుభవం

నా దగ్గర 1967 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (టాప్ దించుకోగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. ఐడ్లింగ్ బాగుండేది, ఒకే వేగంతో వెళ్తే హాయిగా సాగేది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టు తడబడి, తర్వాత ఉరికేది. ఓవర్‌టేక్ చేయాలంటే టెన్షన్.

స్పార్క్ ప్లగ్‌లు మార్చాను, ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ సరిచూశాను. లాభం లేదు. చివరికి పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్ల పైనున్న డ్యాంపర్ (పిస్టన్ కదలికను నెమ్మది చేసే భాగం) మూతలు విప్పితే, లోపల ఆయిల్ చుక్క కూడా లేదు! చూసుకోవాల్సింది నేనే, ఎప్పుడూ చూడలేదు.

ఇంజిన్ గాలి పీల్చేకొద్దీ ఈ కార్బ్యురేటర్‌లోని పిస్టన్ పైకి లేస్తుంది. ఆ ఆయిల్ దాన్ని నెమ్మదిగా లేవనిస్తుంది కాబట్టి, తొక్కిన క్షణంలో పెట్రోల్ కాస్త ఎక్కువ అందుతుంది. ఆయిల్ లేకపోతే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి, గాలి ఎక్కువై పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది. నా కారు తడబాటు అదే.

20 గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ పోశాను, పిస్టన్ బోలు కడ్డీ అంచుకు సుమారు 13 మిల్లీమీటర్లు పైదాకా. (పిస్టన్లు బయటికి తీస్తే మాత్రం ఒకదానిది ఇంకోదాంట్లో పెట్టకండి, దేని జత దానిదే.) డ్యాంపర్ దించుతుంటే చేతికి మెత్తగా అడ్డు తగిలింది. ప్రాణం లేచొచ్చింది! టాప్ దించి, రోడ్డెక్కి తొక్కాను. తడబాటు లేదు.