జనరేటర్ స్టార్టయి ఆగిపోతోందా? 10 పీపీఎం డీజిల్‌తో వచ్చే తంటాలు, వాటికి మందు

అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్యల చెరువులో ఆక్సిజన్ ఎంత తొందరగా పడిపోతుందో భీమవరం వైపు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే జనరేటర్ స్టార్టయి రెండు నిమిషాలకు ఆగిపోతే అందరూ అనే మాట ఒకటే: "ఈ కొత్త డీజిల్‌లో పస లేదు." ఐస్ ఫ్యాక్టరీల్లోనూ, రైస్ మిల్లుల్లోనూ ఇదే మాట.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బంకుల్లో అమ్ముతున్నది బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో ఆరోది) డీజిలే. ఇందులో సల్ఫర్ (గంధకం) 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు మించకూడదు. బీఎస్-4లో 50, బీఎస్-3లో 350 దాకా ఉండొచ్చు. సల్ఫర్ తగ్గితే ఇంజన్‌కు మేలే. నేను చూసినంతలో, డీజిల్ మీదికి నెట్టేసే తప్పుల్లో ఎక్కువ భాగం మన డ్రమ్ములో పుట్టినవే. అందుకే ముందు డ్రమ్ము సంగతి.

ఫిల్టర్ ఊరికే మూసుకుపోతోంది, లోడు పడగానే ఇంజన్ ఆగుతోంది

పాత ఫిల్టర్ విప్పి చూడండి. కాగితం మీద నల్లటి జిగురు మడ్డి, పుల్లటి వాసన ఉంటే ట్యాంకులో నీళ్లు చేరాయని అర్థం. సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములోకి రాత్రి చల్లబడినప్పుడల్లా తేమగాలి వెళ్తుంది, అది లోపల నీళ్లుగా మారి అడుక్కి దిగుతుంది. కోస్తా గాలిలో, అందులోనూ వానాకాలంలో ఇది ఆగదు. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. డీజిలే వాటి తిండి. బయోడీజిల్ కలిసి ఉంటే తేమను ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది.

అనుమానం తీరాలంటే డ్రెయిన్ కాక్ తిప్పి, ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి అర లీటరు పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. పైన నిఖార్సైన డీజిల్, కింద నీళ్లు, రెంటి మధ్య చిరిగిన గుడ్డ పేలికలా నల్లటి పొర కనిపిస్తే రోగం దొరికినట్టే.

ముందు నీళ్లు పూర్తిగా వదిలేయండి. పైనున్న మంచి డీజిల్‌ను ఫిల్టర్ గుండా వేరే డ్రమ్ములోకి తీసి, ట్యాంకు లోపల మడ్డి తుడిపించండి. పెద్ద ట్యాంకులోకి మనిషిని దింపొద్దు, ఆవిరితో ప్రాణం పోతుంది. అది తెలిసిన ఏజెన్సీ పని. బూజు మందు వేయాలనుకుంటే నీళ్లు తీశాకే వేయాలి. మందుకు చచ్చిన మడ్డి కూడా ఫిల్టర్‌లోకే వస్తుంది కాబట్టి రెండు ఫిల్టర్లు అదనంగా దగ్గర పెట్టుకోండి.

ఫిల్టర్ మార్చాక ఎయిర్ తీయడం మర్చిపోవద్దు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి బిగించండి. కామన్ రైల్ ఇంజన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) అయితే హై ప్రెషర్ పైపుల జోలికి అసలు వెళ్లొద్దు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇకపై ట్యాంకు వీలైనంత నిండుగా ఉంచండి, వారానికోసారి అడుగు నీళ్లు వదలండి, డీజిల్‌ను ఆరు నెలలకు మించి దాచకండి. జింకు పూత ట్యాంకు, రాగి పైపులు వద్దు. డీజిల్‌తో కలిసి అవీ మడ్డి పుట్టిస్తాయి.

పాత ఇంజన్‌లో పంపు దగ్గర డీజిల్ కారుతోంది

సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్‌లో ఉండే, రబ్బరును ఉబ్బించే ఆరోమాటిక్స్ అనే పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. ఏళ్ల తరబడి పాత డీజిల్‌కు ఉబ్బి ఉన్న నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు (సీలు వేసే ఉంగరాలు) దాంతో కుంచించుకుపోయి లీకవుతాయి. కొత్త రింగులు వేస్తే సరిపోతుంది, విటాన్ (ఇంధనానికి బాగా తట్టుకునే రబ్బరు) రకం దొరికితే మంచిది. నట్లు ఇంకా బిగించి లాభం లేదు.

వేడెక్కిన ఇంజన్ స్టార్టవడం లేదు, పంపు అరిగిపోయింది

"సల్ఫర్ లేదు కాబట్టి పంపుకు జిడ్డు లేదు" అని చాలామంది నమ్ముతారు. డీజిల్‌కు జిడ్డునిచ్చేది సల్ఫర్ కాదు, దాంతోపాటు రిఫైనరీలో పోయే మరికొన్ని పదార్థాలు. ఆ లోటుకు కంపెనీలు అడిటివ్ కలుపుతాయి. ల్యాబ్‌లో డీజిల్‌లో లోహాన్ని లోహంతో రాపిడి చేసి చూసే పరీక్షలో అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని నిబంధన. ఆ డీజిల్‌లో కిరోసిన్ కలిస్తే మాత్రం జిడ్డు పోతుంది, పంపు అరుగుతుంది. అరిగిన పంపు బాగుచేయించడం తప్ప మార్గం లేదు. మళ్లీ జరగకూడదంటే కొనేటప్పుడే బంకులో డెన్సిటీ (సాంద్రత) చూపించమనండి. రిజిస్టర్‌లో రాసిన అంకెకూ, కొలిచి 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచేసిన అంకెకూ తేడా ఘనమీటరుకు 3 కిలోలు దాటితే తీసుకోవద్దు. చూపించమని అడగడం మీ హక్కు. ఇంట్లో 2టీ ఆయిల్ కలిపే చిట్కా కొత్త ఇంజన్లకు హాని, బూడిద పెరుగుతుంది.

సైలెన్సర్ నుంచి నల్లటి నూనె చుక్కలు

ఇది డీజిల్ తప్పు కాదు. 100 కేవీఏ సెట్టు మీద పది, పదిహేను కేవీఏ లోడుతో గంటలు నడిపితే డీజిల్ పూర్తిగా మండదు. లోడు 30 శాతం కంటే తగ్గకుండా చూసుకోండి. అప్పుడప్పుడు 70, 80 శాతం మీద ఓ గంట నడపండి.

డబ్బాలో పోస్తుంటే చిటపటమంటోంది

సల్ఫర్ తక్కువ డీజిల్‌లో స్టాటిక్ కరెంటు త్వరగా దిగిపోదు. ప్లాస్టిక్ డబ్బాలు మానండి. ఇనుప డ్రమ్ములో పోసేటప్పుడు క్లిప్పు వైరుతో డ్రమ్మునూ, పంపునూ కలపండి, నాజిల్‌ను అడుగుకు ఆనించి మెల్లగా పోయండి.

కొత్త జనరేటర్‌లో డీఈఎఫ్ అలారం, పవర్ తగ్గిపోవడం

2023 జూలై 1 నుంచి సీపీసీబీ-4 ప్లస్ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) నిబంధనలతో వస్తున్న సెట్లలో చాలావాటికి పొగను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ అనే పరికరం ఉంటుంది. సల్ఫర్ ఎక్కువున్న ఎల్డీఓ (లైట్ డీజిల్ ఆయిల్) గానీ, ఫర్నేస్ ఆయిల్ గానీ కలిస్తే దానిలోని క్యాటలిస్టు పనికిరాకుండా పోతుంది. ఇక డీఈఎఫ్ అంటే ఆ ఎస్‌సీఆర్‌లోకి చిమ్మే ద్రావణం, అందులో శుద్ధమైన యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధమైన నీళ్లు. పొలానికి వేసే యూరియా బస్తా విప్పి నీళ్లలో కలిపి పోసేవాళ్లున్నారు. దానికి వేప నూనె పూత ఉంటుంది, మలినాలుంటాయి, ఇంజెక్టర్ నాజిల్ మూసుకుపోతుంది. అలా పోశారని తెలిస్తే ఇంజన్ స్టార్ట్ చేయకండి. ట్యాంకు ఖాళీ చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి, సీలున్న డబ్బా డీఈఎఫ్ పోసి, కంపెనీ మెకానిక్‌తో నాజిల్ చూపించుకున్నాకే స్టార్ట్ చేయండి.