కెమెరా బాగోగులు – ఐదవ పాఠం: కెమెరా బిగుసుకుపోయి ఫోటో కార్డుకెక్కనప్పుడు

గత పాఠంలో లెన్సును, సెన్సారును శుభ్రపరిచే పద్ధతులు చూశాం. ఈ పాఠాన్ని పూర్తిగా ఒకే ఇబ్బందికి కేటాయిస్తున్నాను. కెమెరా ఆగిపోవడం కంటే, ఆగినప్పుడు మనం తొందరపడి చేసే పనులే ఫోటోలకు ఎక్కువ చేటు తెస్తాయని నా నమ్మకం.

మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు కెమెరా తీసుకువెళ్లారనుకోండి. మాతంగి వేషం ఎదురుగా వచ్చింది, షట్టర్ బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకున్నారు, నాలుగు సెకన్లయ్యేసరికి కెమెరా ఆగిపోయింది. తెర నల్లబడింది, ఏ బటన్ నొక్కినా పలకడం లేదు, కార్డు మూత పక్కనున్న చిన్న ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ సమయంలో బ్యాటరీ లాగేయాలని చెయ్యి వెళుతుంది, లాగకూడదు. ఆ లైటు వెలుగుతున్నంతసేపూ కెమెరా కార్డు మీద రాస్తూనే ఉందని అర్థం. రాత మధ్యలో కరెంటు తెగితే ఆ ఒక్క ఫోటోతో పోదు. ఏ ఫోటో కార్డులో ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయి, పొద్దున్నుంచీ తీసినవన్నీ కనబడకుండా పోవచ్చు.

సెన్సారు పట్టిన ఫోటో నేరుగా కార్డులోకి పోదు. ముందు బఫర్ అనే తాత్కాలిక మెమరీలో చేరి, అక్కడినుంచి ఒక్కొక్కటిగా కార్డుకెక్కుతుంది. తిరుమల క్యూ కాంప్లెక్సులో ముందున్న వరుస కదిలేదాకా కంపార్ట్‌మెంటులోని భక్తులు ఎలా వేచి ఉంటారో, బఫర్‌లోని ఫోటోలూ అలాగే వేచి ఉంటాయి. కంపార్ట్‌మెంటు నిండితే కొత్తవారిని లోపలికి వదలరు. లెక్క వేసి చూడండి. 24 మెగాపిక్సెళ్ల రా (RAW, అంటే సెన్సారు పట్టింది పట్టినట్టుగా దాచే రకం) ఫోటో ఒక్కొక్కటి సుమారు 25 మెగాబైట్లుంటే, సెకనుకు ఐదు చొప్పున నాలుగు సెకన్లలో తీసిన 20 ఫోటోలు 500 మెగాబైట్లవుతాయి. కార్డు మీద సీ అక్షరం లోపల 10 అని ఉంటే అది సెకనుకు కనీసం 10 మెగాబైట్లు రాయగలదని హామీ. ఆ వేగంతో అన్నీ కార్డుకెక్కడానికి 50 సెకన్లు పడుతుంది. వీ30 గుర్తున్న కార్డుకు హామీ 30 మెగాబైట్లు కాబట్టి 17 సెకన్లలో పని ముగుస్తుంది. కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే 100, 150 వంటి అంకెలు సాధారణంగా చదివే వేగానికి సంబంధించినవి. కొనేటప్పుడు వాటిని చూసి మోసపోవద్దు.

లోపం లేకుండానే కెమెరా ఆగినట్టు కనిపించే సందర్భం మరొకటుంది. రాత్రిపూట చంద్రగిరి కోటను 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో తీస్తే, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉన్న కెమెరా షట్టర్ మూసుకున్నాక మరో 30 సెకన్లు చీకటి ఫోటో ఒకటి తీసుకుని, దాని సాయంతో మచ్చలను తొలగిస్తుంది. అంతవరకూ ఏ బటన్‌కూ స్పందించకపోవచ్చు. మెనూలో ఆ సౌకర్యాన్ని ఆపివేసి చూస్తే నిజం తేలిపోతుంది.

మూడు నాలుగు నిమిషాలు గడిచినా లైటు ఆరకపోతే అప్పుడు అది లోపమే. స్విచ్ ఆఫ్ చేయండి. దానికీ లొంగకపోతేనే, చివరి మార్గంగా, బ్యాటరీ తీయండి. ఆ తర్వాత ఒకసారికి ఒక్క వస్తువునే మార్చి చూడాలి; కార్డునూ బ్యాటరీనీ కలిపి మార్చేస్తే తప్పు ఎవరిదో ఎప్పటికీ తెలియదు. మొదట కార్డు. దాని అంచున ఉన్న చిన్న మీట లాక్ వైపు జరిగి ఉందేమో చూసి, లేకపోతే బాగా పనిచేస్తున్న వేరొక కార్డు పెట్టి పది ఫోటోలు తీయండి. అవి సక్రమంగా చేరితే కెమెరా మంచిదే.

పాత కార్డును కార్డు రీడర్ ద్వారా కంప్యూటరుకు కలిపినప్పుడు ఫార్మాట్ చేయమంటారా అనో, లోపాలు సరిచేయమంటారా అనో అడిగితే దేనికీ ఒప్పుకోకుండా, ముందు ఫోటోలన్నీ కాపీ చేసుకోండి. అవి భద్రంగా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే కార్డును ఫార్మాట్ చేయాలి. అదీ కంప్యూటరులో కాదు, కెమెరాలోనే. ఫార్మాట్ చేసినా మళ్లీ ఆగిపోయే కార్డును ఇంకెప్పుడూ నమ్మకండి.

కార్డు కొత్తదే అయినా కెమెరా పాతదైతే వాటికి పొసగకపోవచ్చు. 32 జీబీ దాటిన కార్డులు ఎస్‌డీఎక్స్‌సీ రకానివి, ఆ ప్రమాణం 2009లో వచ్చింది. అంతకుముందు తయారైన కెమెరాలు వాటి కోసం రూపొందించినవి కావు. చవకగా దొరికిన కార్డు నకిలీదైతే ఇబ్బంది మరో రకంగా ఉంటుంది: పైన 128 జీబీ అని రాసి ఉన్నా లోపల అందులో కొంతే ఉంటుంది, అది నిండాక తీసిన ఫోటోలు తెరుచుకోవు. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివి, అసలు సామర్థ్యం ఎంతో చెబుతుంది. ఖాళీ కార్డు మీదే ఈ పరీక్ష చేయండి.

కార్డులో చోటుండి కూడా కెమెరా ఫోటో తీయనంటే ఫోల్డర్ అంకె చూడండి. కార్డులో ఫోటోలన్నీ చేరే డీసీఐఎం (DCIM) అనే ప్రధాన ఫోల్డర్ లోపలి ఫోల్డర్లకు 100 నుంచి 999 దాకా, ఫోటోలకు 0001 నుంచి 9999 దాకా మాత్రమే అంకెలుంటాయి. రెండూ చివరికి చేరితే కెమెరా ఇక ముందుకు కదలదు. కార్డును ఫార్మాట్ చేసి, మెనూలో ఫైల్ నంబరును రీసెట్ చేస్తే సరిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉంటే బ్యాటరీ వంతు. సగం చార్జి చూపిస్తూనే రాసే సమయంలో ఒక్కసారిగా చతికిలబడటం పాత బ్యాటరీల లక్షణం. లెన్సు మార్చుకునే కెమెరా అయితే లెన్సు వెనకనున్న బంగారు రంగు కాంటాక్టులను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. మన ఎండను కూడా మరవకూడదు: చాలా కెమెరాలను 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారుచేస్తారు, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మే నెల మధ్యాహ్నం ఆ హద్దు దాటుతుంది. నల్లటి కెమెరాను నేరుగా ఎండలో ఉంచకుండా తెల్ల గుడ్డ కప్పి నీడన పెట్టండి. చల్లబడ్డాక మామూలుగా పనిచేస్తే మరమ్మతు అక్కర్లేదు. వేరే కార్డుతో, వేరే బ్యాటరీతో, నీడలో కూడా ఆగిపోతేనే సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్లండి. ఏమేం మార్చి చూశారో కాగితం మీద రాసి ఇస్తే వారి పని సగం తగ్గుతుంది.

వచ్చే పాఠంలోగా ఒక అభ్యాసం చేయండి. మీ దగ్గరున్న ప్రతి కార్డుతోనూ పది ఫోటోలు వరుసగా తీసి, బటన్ వదిలిన క్షణం నుంచి ఎర్ర లైటు ఆరేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మిగతావాటికంటే బాగా ఎక్కువ సమయం తీసుకున్న కార్డును పక్కన పెట్టండి. కనబడకుండా పోయిన ఫోటోలను వెలికితీసే పద్ధతిని ఆరవ పాఠంలో ఆ కార్డు మీదే సాధన చేద్దాం.